వదిన మాట వదినే చెప్పాలి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య వస్తున్న కథల్లో మతి చెదిరిన ఆడవాళ్లు తరచూ కనిపిస్తున్నారు. పిల్లలు కలగలేదనో, మొగుడు వదిలేశాడనో ఆమెకు ‘పిచ్చెక్కుతుంది’. చివరికి చనిపోతుంది, లేదంటే గుడిమెట్ల మీద మిగులుతుంది. తనకేమవుతోందో ఆమె నోట ఒక్క మాటా ఉండదు. అంతా ఇరుగుపొరుగే చెప్తారు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వదినకు రెండో కాన్పులోనూ ఆడపిల్లే. ఇరవై రోజులు తిరిగేసరికి నిద్ర కరువైంది. పాప పొత్తిగుడ్డలు మడతపెట్టేది, విప్పేది, మళ్లీ మడతపెట్టేది. పక్కనే పాప గుక్కపట్టి ఏడుస్తున్నా ఆ చేతులు ఆగేవి కావు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆఖరికి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు ఒడియాలో అడిగారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వదినకు ఒడియా రాదు. మధ్యలో మా అమ్మ. ‘ఇంట్లో ఏమైనా ఇబ్బందా?’ అని ఆయనడిగితే, వదిన వైపు తిరక్కుండానే ‘ఏం లేదు’ అనేసింది. అమ్మ చెడ్డది కాదు. కానీ ‘మళ్లీ ఆడపిల్లేనా’ అని ముందుగా అన్నది తనే. ఆ మాట వదిన అత్తగారి చేత ఎలా చెప్పిస్తుంది?

రెండోసారి అమ్మను ఇంట్లో ఉంచి నేను వెళ్లాను. వదిన అరగంట మాట్లాడింది. మందులు ఆ రోజే మారాయి.

1892లో అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ కథ ‘ది యెల్లో వాల్‌పేపర్’ అచ్చయింది. కాన్పయ్యాక కుంగిపోయిన భార్యను డాక్టరైన భర్తే విశ్రాంతి పేరుతో గదిలో ఉంచి, రాసుకోవడం కూడా వద్దంటాడు. ఆమె చాటుగా రాసుకున్నదే ఆ కథ. అలాంటి వైద్యం రచయిత్రి స్వయంగా అనుభవించారు. 130 ఏళ్లు దాటినా అది చదువుతుంటే నాకు డాక్టరు ముందు తలవంచుకు కూర్చున్న వదినే కళ్లముందు మెదిలింది.

రోగికి అర్థమయ్యే భాషలోనే సమాచారం అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలి మానస్’ నంబరు 14416 ఉచితంగా పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తిగారు పోరాడిన ఊళ్లోనే ఒక ఆడమనిషి తన బాధను తన భాషలో చెప్పుకోలేకపోయింది.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి కథ వేసినప్పుడల్లా కింద ఆ నంబరు వేయండి. ఆ స్త్రీ తానే చెప్పుకునే కథలు అడిగి మరీ రాయించండి.

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించాను. తను సరేనన్నాకే పంపుతున్నాను.

- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా