కంపవాత రోగికి మాత్ర వేళ తప్పకూడదు

సంపాదకులకు నమస్కారం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అన్నయ్యకు 72 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా పార్కిన్సన్ వ్యాధితో, మా ఊళ్లో అందరూ అనే వణుకుడు జబ్బుతో, బాధపడుతున్నారు. ఇటీవల జ్వరం వచ్చి ఒక ఆసుపత్రిలో ఐదు రోజులు ఉన్నారు. జ్వరం రెండో రోజుకే తగ్గింది గాని, నడిచి వెళ్లిన మనిషిని నలుగురం మోసుకుని ఇంటికి తెచ్చుకున్నాము. అక్కడివారు నిర్లక్ష్యం చేశారని నేను అనను. ఈ మందు పనిచేసే తీరు వార్డులో ఎవరికీ తెలియకపోవడమే కారణమని, విశాఖపట్నంలోని నరాల వైద్యులు వివరించాక నాకు అర్థమైంది.

కదలికలను అదుపు చేసే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడులో తయారుచేసే కణాలు క్రమంగా నశించడం ఈ జబ్బుకు మూలం. డోపమైన్‌నే మాత్రగా మింగిస్తే అది రక్తం నుంచి మెదడులోకి పోలేదు కనుక, లోపలికి వెళ్లి అక్కడ డోపమైన్‌గా మారే లెవోడోపాను ఇస్తారు; అది దారిలోనే మారిపోయి వాంతులు కలిగించకుండా కార్బిడోపాను జతచేస్తారు. జబ్బు కొత్తలో, మిగిలి ఉన్న కణాలు ఈ డోపమైన్‌ను నిలవ చేసుకుని కొద్దికొద్దిగా వాడుకుంటాయి కాబట్టి ఒక పూట గంట ఆలస్యమైనా రోగికి పెద్దగా తెలియదు. ఏళ్లు గడిచి ఆ కణాలు తరిగిపోయాక నిలవ చేసుకునే చోటు ఉండదు. రక్తంలో లెవోడోపా సుమారు గంటన్నరలో సగానికి పడిపోతుంది. దానితోపాటే మనిషీ బిగుసుకుపోతాడు. అన్నయ్య మాత్రల వేళలు ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. వార్డులో మాత్రం అందరితోపాటు ఉదయం 8కి, రాత్రి 8కి, అదీ పప్పన్నం తిన్న వెంటనే ఇచ్చారు. మాంసకృత్తులు జీర్ణమై వచ్చే పదార్థాలు పేగులోనూ, మెదడు వాకిట్లోనూ లెవోడోపా వెళ్లే దారినే వెళ్తాయి కనుక, అలా ఇచ్చిన రెండు మాత్రలూ సరిగా అందలేదు.

దీనికి తోడు, వాంతి అవుతున్నదని మెటోక్లోప్రమైడ్ ఇంజక్షన్ ఇచ్చారు. అది మెదడులో డోపమైన్ పనిచేసే చోట్లను అడ్డగిస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి సాధారణంగా దానిని ఇవ్వరు.

మా చీటీ మీద వేళలను విశాఖ వైద్యులు తెలుగులో రాశారు. ఇక్కడి నర్సులకు ఒడియా తప్ప తెలుగు చదవడం రాదు. సరిహద్దు ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు గాని, ఈ జబ్బులో దాని ఖరీదు ఎక్కువ. బలం విషయంలోనూ ఇదే అయోమయం. మా వాళ్లు ‘నూటపది’ అనే మాత్రలో లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు ఉంటాయి. ‘రెండువందల డెబ్బైఐదు’లో 250, 25. ఒకటి దొరకలేదని దుకాణంలో రెండోది చేతిలో పెడితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. దొరకలేదని ఒక్కసారిగా మానేయడం అంతకన్నా ప్రమాదం, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. ఇక దూలగొండి గింజల పొడి వాడమని సలహా ఇచ్చేవారికి ఒక మాట: ఆ గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే, కాని చెంచాడు పొడిలో ఎంత ఉన్నదో ఎవరు కొలిచారు?

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖలకు నా మనవి ఇది. పార్కిన్సన్ రోగి వార్డులో చేరిన వెంటనే ఇంటి దగ్గర వేసుకునే మాత్రల వేళలను కేసు షీటు మొదటి పుటలో గడియారపు అంకెలలో రాయాలి. అంకెలకు లిపి తగాదా లేదు. ఆ వేళకు నర్సు రాలేకపోతే, వైద్యుల అనుమతితో తోడున్నవారే మాత్ర ఇవ్వడానికి వీలు కల్పించాలి. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల మందుల గదుల్లో అన్ని బలాలూ నిలవ ఉండేలా చూడాలి. అన్నయ్య ఇప్పుడు తిరిగి గోడ పట్టుకుని వీధి అరుగు దాకా వస్తున్నారు, పది గంటల మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు.

ఇట్లు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి