కాలవ నీళ్లు తాగొచ్చా? – తల్లిదండ్రులకి జులై నెల లెటర్

పేరెంట్స్ అందరికీ నమస్కారం అండి.

యూనిట్ టెస్టుల తేదీలు, బస్సు టైమింగులు వేరే కాగితం మీద పంపిస్తున్నాం, ఈ నెల లెటర్ మొత్తం నీళ్ల గురించే రాస్తున్నాను. కాలవలు వదిలారు, మంచినీళ్ల చెరువులు నిండుతున్నాయి, పైన గోదావరికి ఎర్రనీళ్లు వచ్చేశాయి, సరిగ్గా ఇదే టైంలో ప్రతి ఏడూ లాగానే వాంతులు, విరోచనాలు, కడుపునొప్పి అని లీవ్ లెటర్లు కూడా మొదలయ్యాయి. ఇంకో విషయం ఏంటంటే సాయంత్రం బడి అయ్యాక కొంతమంది పిల్లలు రేవులో దిగి ఈత కొడుతూ దాహమేస్తే అక్కడి నీళ్లే దోసిట్లో పట్టి తాగేస్తున్నారు, అడిగితే "తేటగానే ఉన్నాయి సార్" అంటున్నారు. ఆ తేటగా ఉన్నాయి అనే మాట మీదే నాకు బెంగ.

కాలవ నీళ్లు తాగొద్దు అని నేను అనలేను, అంటే మనకి తాగడానికి ఇంకేం లేదు కూడా. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మన పశ్చిమ డెల్టా పొలాలకీ మనుషులకీ కూడా ఆ ఆనకట్టకి పడమటి చివర ఉన్న విజ్జేశ్వరం నుంచి వచ్చే నీళ్లే దిక్కు. మన వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లు పడతాయి, అందుకే వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఊరూరా చెరువులు నింపుకుని, ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదుగా ట్యాంకు ఎక్కించి కుళాయిలకి వదులుతారు. కాబట్టి మనం అడగాల్సింది ఈ నీళ్లు ఎంత మురికయ్యి మన దగ్గరికి వస్తున్నాయి, ఏం చేస్తే తాగొచ్చు, ఆ చేసింది సరిపోయిందని ఎలా తెలుస్తుంది అని. ఇవి పెద్ద పెద్ద ఇంజనీర్లే అడగాల్సిన ప్రశ్నలు కావండి, మన తొమ్మిదో క్లాసు పిల్లలు అడిగారు, చాలావరకు జవాబులు కూడా వాళ్లే పట్టుకున్నారు.

మన సైన్స్ టీచర్‌గారు పిల్లల్ని తీసుకుని కాలవ గట్టు మీద పై వైపుకి నడిపించారు. నీళ్లు ల్యాబ్‌కి పంపే ముందు చేయాల్సిన పని ఇదేనండి, నీళ్లు ఏ దారిన వస్తున్నాయో కళ్లతో చూడాలి. మనది కాలవకి శివారు, అంటే పైన ఉన్న ఊళ్లన్నీ కాలవలో ఏం కలిపితే అది చివరికి మన దగ్గరికి వస్తుంది. పిల్లలు చూసినవన్నీ ఒక చార్ట్ మీద మ్యాప్‌లా గీశారు, ఆఫీస్ రూం బయట గోడకి పెట్టించాను, వచ్చినప్పుడు చూడండి. రేవులో బట్టలు, గేదెలు ఇవి మనకి తెలిసినవే. తెలియనివి ఏంటంటే తుప్పల కింద కనపడకుండా కాలవలోకి పెట్టిన సెప్టిక్ ట్యాంకు గొట్టాలు, గుర్రపుడెక్కలో ఇరుక్కున్న కోడి వ్యర్థాల సంచులు, మురుగు కోడులోకి వెళ్లాల్సిన చేపల చెరువు నీళ్లు మోటారు పెట్టి ఇటు కాలవలోకి కొట్టేయడం, పురుగుమందు కొట్టాక స్ప్రేయర్ని పంటబోదెలో ముంచి కడిగేయడం. ఒక పాప మ్యాప్‌లో ఆ స్ప్రేయర్ పక్కనే మన మంచినీళ్ల చెరువు తూము ఎక్కడుందో ఎర్ర పెన్నుతో చుక్క పెట్టింది. ఎవరు పెట్టారు, ఎవరు కొట్టారు అని నేను పేర్లు అడగలేదు, పిల్లల్ని కూడా అడగొద్దన్నాను, ఎందుకంటే ఆ గట్టు మీద ఉన్నవాళ్లు మనలో చాలామందికి చుట్టాలే.

తర్వాత టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం, చూపించే మీటర్ సంగతి. ఇది మాత్రం కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే వాటర్ ప్లాంట్ల వాళ్లు, ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఆ పెన్ను లాంటి మీటర్ ముంచి నంబర్ చూపిస్తే అందరం నమ్మేస్తున్నాం. ఒక అబ్బాయి ఇంటి నుంచి మీటర్ తెచ్చాడు, బడి బోరు నీళ్లలో పెడితే రెండు వేలు దాటింది, రేవు నీళ్లలో పెడితే రెండొందల లోపే చూపించింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. అంటే ఆ లెక్కన గేదెలు కడిగిన రేవు నీళ్లు ఫస్ట్ క్లాసులో పాసైపోయాయి! పిల్లలు ఒక్కసారిగా మొహమొహాలు చూసుకున్నారు. మీటర్ తప్పు చెప్పలేదండి, అది కరిగిన ఉప్పుల్ని మాత్రమే కొలుస్తుంది, మలం కలిసిందా, టైఫాయిడ్ క్రిమి ఉందా, పురుగుమందు ఉందా అనేది దానికి తెలియదు. గోదావరి నీళ్లు మామూలుగానే తియ్యగా ఉంటాయి, ఉప్పు తక్కువ, కాబట్టి వాటికి మీటర్ ఎప్పుడూ మంచి నంబరే చూపిస్తుంది.

మరి క్రిములు ఎలా తెలుస్తాయంటే హెచ్‌టూఎస్ సీసాలని ఉంటాయి, చిన్న సీసాలో మందు వేసి ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి రూం టెంపరేచర్‌లో పక్కన పెట్టేయడమే, నల్లబడితే మలం తాలూకు క్రిములు ఉన్నట్టు, పసుపుగానే ఉంటే కనపడనట్టు, పంచాయతీల్లో మహిళలకి ట్రైనింగ్ ఇచ్చే ఫీల్డ్ టెస్ట్ కిట్లతో పాటు ఇవీ ఇస్తారు. నీళ్లు పట్టే పద్ధతి కూడా ముఖ్యమే, పిల్లలు దాన్ని భలే శ్రద్ధగా చేశారు. చేతులు సబ్బుతో కడుక్కుని, గట్టు అంచున కాకుండా ప్రవాహం ఉన్నచోట, పైన తెట్టు రాకుండా సీసాని మూర లోతున ముంచి, మూతి నీళ్లు వచ్చే వైపుకి తిప్పి పట్టాలి, మూత లోపలి భాగం వేలికి తగలకూడదు. కుళాయి దగ్గరైతే మూతిని స్పిరిట్ దూదితో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి అప్పుడు పట్టాలి. రేవు నీళ్లు, చెరువు నీళ్లు, కుళాయి నీళ్లు, ఒక ఇంట్లో డ్రమ్ములో నిలవున్న నీళ్లు, వాటర్ ప్లాంట్ నుంచి కొన్న ఒక టిన్ను నీళ్లు, మరగబెట్టి చల్లార్చిన నీళ్లు వరసగా ల్యాబ్ అలమరలో పెట్టి పేర్లు అంటించారు. మర్నాడు పొద్దున్న ప్రేయర్ కూడా కాకముందే పిల్లలు కిటికీ దగ్గర మూగిపోయారు, రేవు సీసా కాటుకలా నల్లగా అయిపోయింది, మూత తీయకపోయినా దాని దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వస్తుందని ముక్కులు మూసుకున్నారు. చెరువు సీసా మధ్యాహ్నానికి నల్లబడింది. కుళాయిది పసుపుగానే ఉండిపోయింది, మరగబెట్టినది కూడా అంతే. కానీ డ్రమ్ము సీసా రెండో రోజుకి నల్లబడింది, టిన్ను సీసా కూడా! కుళాయి నీళ్లూ డ్రమ్ము నీళ్లూ ఒకటే నీళ్లండి, మధ్యలో మారింది ఏంటంటే చెంబుతో పాటు చెయ్యి ముంచడం, మూత లేకపోవడం, అడుగున పాచి. టిన్ను నీళ్ల విషయంలో కారణం ఇంకోటి ఉంది, వాటర్ ప్లాంట్ ఆర్వో మిషన్‌లో వడకట్టిన నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి టిన్ను సరిగ్గా కడక్కపోతే లోపల చేరిన క్రిమిని ఆపేది ఏదీ ఉండదు. వాటర్ ప్లాంట్లన్నీ ఇంతే అని నేను అనడం లేదు, ఒక్క టిన్ను మీద తీర్పు చెప్పకూడదు, కానీ టిన్ను కొన్నాం కాబట్టి నిశ్చింత అనుకోకండి.

ఇక నంబర్ల విషయానికొస్తే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నది నీళ్లని వాడకాన్ని బట్టి తరగతులుగా విడగొట్టింది. 100 మిల్లీలీటర్లలో కోలిఫాం అనే బాక్టీరియా 50 లోపు ఉంటే క్లోరిన్ ఒక్కటి వేసి తాగొచ్చు, స్నానానికి 500 దాకా ఒప్పుకుంటారు, 5000 దాకా ఉంటే మాత్రం పూర్తిగా వడకట్టి శుద్ధి చేసి క్లోరిన్ వేసి తీరాలి. కుళాయిలోకి వచ్చేసరికి మలం కలిసిందని చూపించే ఇ.కోలి అనే బాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనపడకూడదు. ఈతకి పనికొచ్చే నీళ్లు తాగడానికి పనికిరావు అని పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా సులువైన లెక్క నాకు దొరకలేదు. ఇంకొకటి, ఒకసారి టెస్ట్ చేసి బాగుందంటే ఏడాదంతా బాగున్నట్టు కాదు. కాలవ వదిలిన మొదటి వారం నీళ్లు అడుగున ఎండిన చెత్తంతా ఊడ్చుకొస్తాయి, పెద్ద వాన పడ్డ మర్నాడు గట్ల మీది మురికంతా దిగుతుంది, కోతల ముందు మందులు కొట్టే టైం వేరే. టెస్ట్ ఆ రోజుల్లో చేయించాలి, నీళ్లు నిలకడగా ఉన్నరోజు చేసిన టెస్ట్ మనకి ధైర్యం ఇస్తుంది తప్ప నిజం పూర్తిగా చెప్పదు.

మరగబెడితే అన్నీ పోతాయా అని చాలామంది అమ్మలు అడిగారు. క్రిములు పోతాయండి, నీళ్లు కుతకుతా మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. కానీ ఉప్పు, నైట్రేట్, సీసం ఇలాంటివి మరిగితే పోవు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి, పురుగుమందుల్ని కూడా మరగబెట్టి వదిలించుకుంటాం అనుకోకూడదు. 2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది, ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు, ఆరొందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనపడ్డాయని ఎయిమ్స్ వాళ్లు చెప్పారు, పురుగుమందుల మీద కూడా అనుమానం వచ్చింది. అలాంటివి మన దగ్గరున్న కిట్లలో తేలవు, పెద్ద ల్యాబ్‌లోనే తేలతాయి, ఖర్చూ ఎక్కువే. అందుకే స్ప్రేయర్ బోదెలో కడగకపోవడం, మందు డబ్బాలు కాలవలో వేయకపోవడం అనేది మనం ఇంట్లో పెట్టుకునే ఏ ఫిల్టర్ కన్నా పెద్ద రక్షణ. రైతులైన నాన్నలందరికీ ఇది నా ప్రత్యేక విన్నపం అండి, స్ప్రేయర్ కడిగిన నీళ్లు మీ చేలోనే పోసేయండి.

"మా తాతలు కాలవ నీళ్లే తాగి నూరేళ్లు బతికారండీ" అని మొన్న మీటింగ్‌లో ఒక పెద్దాయన అన్నారు. నిజమే, బతికినవాళ్లు బతికారు, కలరాకి ఇళ్లకిళ్లు ఖాళీ అయిన కథలు కూడా మన ఊళ్లలో ఆ తాతలే చెప్పేవారు. పైగా వాళ్ల రోజుల్లో కాలవ పక్కన ఇన్ని చేపల చెరువులు లేవు, ఇన్ని మందులు లేవు, ఇన్ని సెప్టిక్ గొట్టాలు లేవు. వాళ్ల పద్ధతులు మాత్రం వదులుకోవాల్సిన పని లేదు. బురద నీళ్లలో చిల్లగింజ అరగదీసి వేయడం, పటిక తిప్పడం మంచివే, మట్టి అడుక్కి దిగుతుంది, కానీ అక్కడితో ఆగిపోకూడదు. బురద ఉన్న నీళ్లలో క్లోరిన్ సరిగ్గా పని చేయదు, క్రిములు మట్టి రేణువుల్లో దాక్కుంటాయి, అందుకని ముందు తేర్చడం, తర్వాతే చంపడం. పాత చీర నాలుగైదు మడతలు వేసి వడకట్టే అలవాటు ఉన్నవాళ్లు దాన్నీ వదలకండి, బంగ్లాదేశ్ పల్లెల్లో శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించి 2003లో ప్రకటించారు, చీరతో వడకట్టిన ఊళ్లలో కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి, ఎందుకంటే కలరా క్రిమి నీళ్లలోని సన్న పురుగులకి అంటుకుని ఉంటుంది, ఆ పురుగులు చీర మడతల్లో ఆగిపోతాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరే కొత్తదాని కన్నా బాగా పని చేస్తుందట. మిగతా సగం పోవాలంటే మరగబెట్టాల్సిందే, లేదా క్లోరిన్ బిళ్ల పాకెట్ మీద రాసినన్ని లీటర్లకే వేసి అరగంట ఆగాలి. బ్లీచింగ్ పౌడర్ మాత్రం చేతి అంచనాతో ఇంట్లో బిందెల్లో కలపకండి, అది ట్యాంకు దగ్గర తెలిసినవాళ్లు వేయాల్సింది.

కుళాయి నీళ్లకి క్లోరిన్ వాసన వస్తోందని కొందరు పట్టుకోవడం మానేసి టిన్నులకి వెళ్తున్నారు. కాసేపు మూత సగం తీసి పెడితే ఆ వాసన తగ్గుతుంది. మన ఇంటి కుళాయిలో క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలని నియమం, పంచాయతీ వాళ్ల దగ్గర దాన్ని కొలిచే క్లోరోస్కోప్ ఉంటుంది, నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, ఏ రంగూ రాకపోతే అడగండి, అడిగే హక్కు మనకుంది. లైను చివరి ఇళ్లవాళ్లు ముఖ్యంగా అడగాలి, అక్కడికి వచ్చేసరికే క్లోరిన్ అయిపోతుంది.

బడిలో మేం చేస్తున్నది కూడా చెప్పాలి కదా. తాగే నీళ్ల డ్రమ్ములకి కుళాయిలు బిగించాం, చెయ్యి ముంచే పని లేదు, శుక్రవారం సాయంత్రం లోపల బ్రష్‌తో రుద్ది కడుగుతున్నారు, మధ్యాహ్న భోజనం వండే నీళ్లూ అవే. మీ వైపు నుంచి బాటిల్‌లో మరగబెట్టి చల్లార్చిన నీళ్లు పంపండి, బాటిల్ మూత లోపలి రబ్బరు తీసి కడగండి, అక్కడే నల్లగా పాచి పడుతుంది. పిల్లకి విరోచనాలు అయితే బడికి పంపకండి, హాజరు గురించి కంగారు పడొద్దు, ఓఆర్ఎస్ పాకెట్ ఒకటి సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలిపి గుక్క గుక్కగా పట్టించండి. కళ్లు లోతుకి పోయినా, ఉచ్చ రాకపోయినా, రక్తం పడినా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి, తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి.

ఈ శనివారం మూడింటికి సైన్స్ ల్యాబ్ తెరిచి ఉంచుతున్నాం, మీ ఇంట్లో తాగే నీళ్లు తెస్తే పిల్లలే మీ కళ్లముందు టెస్ట్ పెడతారు. వేడినీళ్లతో కడిగిన గాజు సీసాలో అప్పుడే పట్టి, మూత గట్టిగా పెట్టి తీసుకురండి, ముందు రోజు పట్టినవి వద్దు. సీసా మీద పేరు అక్కర్లేదు, కాలవా, కుళాయా, బోరా, టిన్నా అని రాస్తే చాలు. రిజల్ట్ సోమవారం పిల్లాడి చేతికి ఇచ్చి పంపిస్తాం.

ఇట్లు,
మీ హెచ్ఎం