మీ టికెట్‌కు జవాబు ఎందుకు ఆలస్యమైందంటే

నమస్కారం.

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే మీలో చాలామంది ఈ మధ్య ఒకటే మాట అడుగుతున్నారు. "మీవాళ్లంతా ఇళ్ల నుంచే పని చేస్తున్నారటగా, అందుకేనా ఫిర్యాదు టికెట్ పెట్టి రెండు రోజులైనా ఎవరూ పలకడం లేదు?" అని. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పుకుంటూ పోయేకంటే, ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి రాయడం న్యాయమనిపించింది.

మీ అనుమానంలో నిజం ఉంది. మా వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల మీకు ఇబ్బంది కలిగింది. అయితే మావాళ్లు ఇంట్లో బద్ధకంగా గడిపేస్తున్నారన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను. జరిగింది వేరు.

పోయిన అప్‌డేట్‌లో దొర్లిన తప్పు మీకు గుర్తుండే ఉంటుంది. సరుకు వాపసు వచ్చినప్పుడు వేసే బిల్లులో డిస్కౌంట్ రెండుసార్లు తీసేసింది. మీలో కొందరు ఆ రోజు లెక్కలన్నీ చేత్తో సరిచేసుకోవాల్సి వచ్చింది. అందుకు అప్పుడే క్షమాపణ చెప్పాను, ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను. తర్వాత కారణం వెతికితే తేలింది ఇది: మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి డిస్కౌంట్ లెక్కగట్టే ఆ కోడ్ లైన్ దగ్గర ముందే అనుమానం వచ్చింది. సీనియర్‌కు చాట్‌లో మెసేజ్ టైప్ చేసింది కూడా. ఆయన పేరు పక్కన మీటింగ్‌లో ఉన్నట్టు కనిపించింది. ఇంత చిన్నదానికి ఆయన్ని కదిలించడమెందుకని చెరిపేసింది. సాయంత్రానికల్లా ఆ అప్‌డేట్ మీ కంప్యూటర్లలో ఉంది.

ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు. చేరి నాలుగు నెలలైంది, ఇన్నాళ్లలో ఆ సీనియర్‌ను ఎదురుగా చూసింది రెండుసార్లు. పక్క కుర్చీలో ఉండుంటే "అన్నా, ఇదొకసారి చూడవా" అని తల తిప్పి అడిగేసేది, అర నిమిషంలో తేలిపోయేది. చాట్‌లో అదే మాట అడగాలంటే వాక్యం కూర్చుకోవాలి, అది రాతలో మిగిలిపోతుంది, ఇంతమాత్రం తెలీదా అనుకుంటారేమోనన్న భయం ఒకటి. ఇలా టైప్ చేసి చెరిపేసిన సందేహాలు మా దగ్గర ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? మీ టికెట్లు నలగడానికి అసలు కారణం అక్కడుందని నా నమ్మకం.

ఇది మా ఒక్కరి కథే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పాలే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలోని ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను పరిశీలించారు. టీమ్ అంతా ఒకే భవనంలో ఉన్నప్పుడు ఇంజినీర్లకు తాము రాసిన కోడ్ మీద తోటివారి సూచనలు ఎక్కువగా అందేవి. 2020లో ఆఫీసులు మూతపడ్డాక ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. దగ్గరగా ఉండటం వల్ల ఎక్కువ లాభం పొందింది కొత్తవాళ్లు, చిన్నవాళ్లు. దానికి మూల్యం సీనియర్లు కట్టారు, నేర్పడానికి పోయిన సమయం మేరకు వాళ్లు రాసే కోడ్ తగ్గింది. మా దగ్గర సరిగ్గా దీనికి తలకిందులు జరిగింది. ఇళ్లకు వెళ్లాక సీనియర్ల పని బ్రహ్మాండంగా సాగింది. ఆ అంకెలు చూసి నేను సంబరపడ్డాను. కొత్తవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడలేదు.

ఇంకో సంగతి. పాత రోజుల్లో మీ ఫోన్ వస్తే సపోర్ట్‌లో ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటలు డెవలపర్ల చెవిన కూడా పడేవి. ఒకే రకం ఫిర్యాదు మూడోసారి వినపడగానే ఎవరో ఒకరు లేచి వచ్చి "ఏంటది?" అని అడిగేవారు. ఇప్పుడు ఎవరి గది వాళ్లది. మైక్రోసాఫ్ట్ 2020 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని తన 61,000 మందికి పైగా ఉద్యోగుల సమాచారం పరిశీలిస్తే, వేర్వేరు బృందాల మధ్య సంబంధాలు పలచబడ్డాయని, ఎవరి గుంపులో వాళ్లు మరింత బిగుసుకున్నారని తేలింది. మేం 14 మందిమే. అయినా అదే జరిగింది.

మరి అందర్నీ రోజూ ఆఫీసుకు రమ్మంటే పోలేదా అంటారు. ఆ ఆలోచన చేశాను, వద్దనుకున్నాను. మా పన్నుల లెక్కల భాగం మొత్తం ఆనుపానులు తెలిసిన మనిషి ఒకాయన ఉన్నారు. తల్లిదండ్రుల ఆరోగ్యం చూసుకోవడానికి దూరంగా వెళ్లి, అక్కడి నుంచే పని చేస్తున్నారు. రోజూ రమ్మంటే ఆయన మానేస్తారు. ఆయన మానేస్తే నష్టపోయేది ముందు మీరే, ఆయనకు తెలిసినది ఇంకొకరు నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది. మిగతావాళ్లు కూడా ఇంటి నుంచి పని మొదలయ్యాక ప్రయాణాల అలసట తగ్గిందని, పిల్లలతో రెండు పూటలా గడుపుతున్నామని చెబుతుంటే అది నాకు చిన్న విషయంగా అనిపించదు. ప్రయాణ టికెట్లు, హోటళ్లు బుక్ చేసే చైనా కంపెనీ ట్రిప్ డాట్ కామ్ 2021, 2022లలో 1,612 మంది ఉద్యోగుల మీద ఒక ప్రయోగం చేసింది. వారిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లూ ఉన్నారు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయనిస్తే, రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరు మదింపుల్లో, ప్రమోషన్లలో తేడా కనపడలేదు.

వారంలో ఎక్కువ రోజులు ఇళ్లకే పరిమితమైతే మాత్రం సంతోషం కూడా నిలవదు. అదే సంస్థ 2010 చివర్లో మొదలుపెట్టి కాల్ సెంటర్ ఉద్యోగులతో తొమ్మిది నెలల ప్రయోగం చేసినప్పుడు పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అంత బాగున్నా, ప్రయోగం ముగిశాక దాదాపు సగం మంది ఆఫీసుకు తిరిగి వెళ్తామన్నారు. ముఖ్య కారణం ఒంటరితనం. మా కుర్రాళ్లలో ఒకరు నాతో ఇదే అన్నారు: "సార్, వారం మొత్తంలో పని గురించి కాకుండా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మీకు చెప్పాల్సిన నా తప్పు ఇంకొకటుంది. ఫిర్యాదులు పెరుగుతుంటే టెన్షన్‌లో నేను అందరి కంప్యూటర్లలో నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టించాను. కొన్ని నిమిషాలకోసారి తెరను ఫొటో తీసి నాకు పంపేది. నెల తిరక్కుండానే మావాళ్లు రాత్రి పదింటికి కూడా ఆన్‌లైన్‌లో కనిపించడం మొదలుపెట్టారు. మీ టికెట్లు మాత్రం ఒక్క గంట కూడా ముందుకు జరగలేదు. మంచి పనిమంతుడు ఒకరు మానేశారు కూడా. ఆ సాఫ్ట్‌వేర్ తీయించేశాను, అందర్నీ కూర్చోబెట్టి క్షమించమని అడిగాను.

వచ్చే నెల నుంచి మంగళ, బుధవారాలు అందరం ఒకచోట కూర్చుంటాం. దూరంగా ఉన్న ఇద్దరు వీడియోలో కలుస్తారు. కొత్తగా చేరినవాళ్లు మొదటి ఆరు నెలలు వారంలో నాలుగు రోజులు ఆఫీసుకే వస్తారు, వాళ్లకు నేర్పే సీనియర్ కూడా ఆ రోజుల్లో వస్తారు. నేర్పడం ఇప్పుడు ఆయన పనిలో భాగం, కాబట్టి ఆయన వాటా కోడింగ్ తగ్గించాను. దీనివల్ల మీలో కొందరు అడిగిన మొబైల్ రిపోర్టులు అనుకున్నదానికంటే రెండు నెలలు వెనక్కి వెళ్తాయి. అది మీకు నచ్చదని తెలుసు. అయినా ముందు ఇది సరిచేసుకోవాలి.

ఇకమీదట గురువారం దాటాక అప్‌డేట్లు పంపం. మీరు టికెట్ పెడితే అదే పనిదినంలో, ఎవరు చూస్తున్నారో పేరుతో సహా జవాబు వస్తుంది. పరిష్కారం ఆ రోజే దొరుకుతుందని మాట ఇవ్వలేను. పొద్దున పదకొండు వరకు డెవలపర్లకు మీటింగులు ఉండవు, ఆ సమయంలో ఫోన్లు సపోర్ట్‌వాళ్లే తీస్తారు.

రెండు వారాలు దాటినా తేలని టికెట్లన్నీ నా టేబుల్ మీదకు తెప్పించుకున్నాను. వాటిలో మీది ఉంటే ఈ వారంలోగా నేనే ఫోన్ చేస్తాను. మీకు ఏ వేళ కుదురుతుందో ఆ టికెట్ కిందే రాసి పెట్టండి.