బెల్టులు వద్దు, బేస్ ఫ్రేమ్ మార్చండి

తవణంపల్లె మండలం, చిత్తూరు జిల్లా
జనవరి 12

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 10 హెచ్‌పీ చెరకు గానుగ ఉత్త పుణ్యానికి కరెంటు తాగుతున్న సంగతి

అయ్యా,

నవంబరులో మీ తిరుపతి డీలర్ దగ్గర మూడు రోలర్ల గానుగ కొన్నాను. ఈ రెండు నెలల్లో మీ సర్వీస్ కుర్రాడు మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా బెల్టులు మార్చి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు. అతన్ని అనడానికేం లేదు, మీరు ఏం చెప్పి పంపారో అదే చేశాడు. నాలుగోసారి కూడా బెల్టులే పంపేట్లయితే దయచేసి పంపకండి. తెగుతున్నది బెల్టే గాని తప్పు దాని కింద ఉంది.

మీ కరపత్రంలో ‘కరెంటు ఆదా’ అని పెద్దక్షరాలతో వేశారు. మోటారు ఐఈ3 రకమే (కరెంటు తక్కువ తాగే తరగతి), నేమ్‌ప్లేట్ మీద సామర్థ్యం 90.4 శాతం అని ఉంది. అందులో మోసం లేదు. కానీ మోటారు ఇచ్చిన బలం రోలరు దాకా చేరాలి కదా!

డిసెంబరు బిల్లు చూసి గుండె గుభేలుమని నేనే లెక్క కట్టాను. బెల్టులు తీసేసి మోటారు ఒక్కదాన్నే గంట సేపు తిప్పితే మీటరులో 0.6 యూనిట్ తిరిగింది. బెల్టులు తగిలించి, చెరకు పెట్టకుండా గానుగను ఉత్తగా తిప్పితే 3.1. అంటే ఒక్క గడ కూడా నలగకముందే గంటకు రెండున్నర యూనిట్లు బెల్టుల్లో, పళ్ల చక్రాల్లో, షాఫ్టు తిరిగే బుష్‌లలో వేడిగా పోతున్నాయి. ఇది యాంపియర్లు చూస్తే దొరకదు. ఉత్తగా తిరిగే మోటారు కూడా యాంపియర్లు బాగానే చూపిస్తుంది. మీ కుర్రాడు తీగకు యాంపియర్లు చూసే క్లాంప్ మీటరు పెట్టి ‘అంతా నార్మలే సార్’ అన్నది అందుకే.

మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ చదువుతున్నాడు. రెండు పుల్లీల ముఖాలకు ఆనించి దారం లాగి చూశాడు. దారం నాలుగు అంచులనూ తాకాలి. మోటారు పుల్లీ అంచు దగ్గర 6 మిల్లీమీటర్ల సందు ఉంది. రేకు ముక్కలు దోపి సరిచేశాం. ఆ రోజు ఉత్త తిరుగుడు 2.2కి దిగింది. ఆ సంబరం వారమే. ఎనిమిదో రోజుకు మళ్లీ 3.1, సందు మళ్లీ 5 మిల్లీమీటర్లు. బోల్టులు మాత్రం బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

ఎందుకంటే మోటారు స్టాండు వేరు, గానుగ స్టాండు వేరు. రెండింటినీ కలిపినవి ఎల్ ఆకారంలో ఉండే రెండు పలచని ఇనుప యాంగ్లర్లు. లావు గడలు మూడు ఒకేసారి పడినప్పుడు పక్కన కూర్చుని చూశాను. మోటారు వణుకుతూ గానుగ వైపు ఒరగడం కంటికే కనబడుతోంది. ఒరిగితే బెల్టు జారుతుంది, జారుతోందని ఇంకా బిగిస్తాం, ఆ లాగుడంతా షాఫ్టు బుష్ మీద పడుతుంది. ఆ వైపు బుష్ మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే చుయ్‌మంటోంది.

రోజుకు 9 గంటలు ఆడిస్తాం. కరెంటు ఎక్కువ తాగే పాత ఐఈ1 మోటారు బదులు ఈ ఐఈ3 పెట్టినందుకు, ఫుల్ లోడు మీద కూడా, రోజుకు మిగిలేది 4 యూనిట్ల లోపే. ఫ్రేము వంగినందుకు, గంటకు 0.9 చొప్పున, పోయేది 8. మోటారుకు డబ్బు పెట్టి, ఇనుము దగ్గర చెయ్యి బిగించారు.

కరెంటుతో పోతే ఏదోలే అనుకోవచ్చు. అరిగిన బెల్టు పొడి రసం తొట్టిలో పడుతోంది, మీరు ఇచ్చిన గార్డు ఒక పక్కకే ఉంది. పెనం మీద మడ్డి తీసేటప్పుడు నల్ల నలుసులు కనబడుతున్నాయి. చిత్తూరు మండీలో బెల్లానికి రంగు చూసే రేటు కడతారు. సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా పక్క చాలామందికి ఈ గానుగలే దిక్కు.

కాబట్టి మోటారూ గానుగా ఒకే దిమ్మ మీద కూర్చునేలా మందపాటి ఇనుప ఛానల్‌తో చేసిన ఫ్రేము ఇవ్వండి. బెల్టు బిగించడానికి మోటారు కింద జరిగే పట్టాలు ఉండాలి. ఒకే పొడవున్న బెల్టుల సెట్టు, రెండు పక్కలా గార్డు, కాలిన బుష్‌కు బదులు కొత్తది కావాలి. ఖర్చు మీదే.

‘వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుల కేసు చెల్లదు’ అని మీ డీలర్ ఫోన్లో అన్నాడు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం లెక్కలోకి తేలేదు. గానుగ దగ్గర నేనూ, నా భార్యా, మా అబ్బాయే. పదిహేను రోజుల్లో మనిషి రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆపై చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

మీటరు రీడింగులు రాసుకున్న పుస్తకం, తెగిన తొమ్మిది బెల్టులు దాచిపెట్టాను. ఈసారి కుర్రాణ్ణి కాదు, డిజైన్ తెలిసిన ఇంజనీరును పంపండి. పొద్దున ఏడింటికల్లా వస్తే ఉత్తగా తిప్పి చూపిస్తాను, ఎనిమిదికి చెరకు బండి వచ్చేస్తుంది.

ఇట్లు,
గానుగ యజమాని