డబ్బు ముందే కట్టాం, స్టాంపులు ఎప్పుడు పంపిస్తారు?

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి గారికి,

చెన్నై నుంచి నమస్కారాలు. ముందే డబ్బు కట్టినా స్టాంపులు రావడం లేదని మీ తపాలా శాఖ అధికారులకు ఉత్తరాలు రాశాను, రసీదులన్నీ దాచుకున్నాను. పోర్టల్లో ఫిర్యాదు పెట్టాను. మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. స్టాంపులు మాత్రం రాలేదు. అందుకని ఇక అందరూ చదివేలా మీకే రాస్తున్నాను.

ఫిలాటెలీ డిపాజిట్ అకౌంటు, అంటే స్టాంపులు సేకరించేవాళ్లు పోస్టాఫీసులో తెరిచే ఖాతా, ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. మేం డబ్బు ముందే కట్టాం. స్మారక స్టాంపు విడుదలైనప్పుడల్లా మేం కోరుకున్నవి ఇంటికి రావాలి. జరుగుతున్నది చెబుతాను. నెలల తరబడి ఏమీ రావు. తర్వాత ఒకరోజు మూడు నాలుగు విడుదలలవి కలిపి ఒకే పల్చటి కవర్లో వస్తాయి. మినియేచర్ షీటు, అంటే స్టాంపుతో విడిగా అచ్చువేసే చిన్న షీటు, మధ్యకి మడిచి పెట్టి ఉంటుంది. మడత పడ్డ షీటు ఆల్బంలోకి పనికిరాదని మీ శాఖ వాళ్లకి తెలియదా? ఒకసారి విడుదల రోజు ముద్ర వేసిన ఫస్ట్ డే కవరు ఉంటే, స్టాంపు వివరాలు రాసిన బ్రోచర్ ఉండదు, ఇంకోసారి బ్రోచర్ ఒక్కటే ఉండి స్టాంపు ఉండదు. కొన్ని విడుదలలైతే అసలు రానే రావు. అడిగితే మాకు అలాట్ కాలేదంటారు. నా అకౌంట్లో ఇంకా ఎంత ఉందని అడిగితే సిస్టమ్ పనిచేయడం లేదంటారు. నా డబ్బు ఎంత మిగిలిందో నాకు చెప్పడానికి ఇంత కష్టం ఎందుకండీ?

కౌంటర్లో ఉండే అమ్మాయిని నేనేమీ అనను. ఆధార్ కోసం వచ్చినవాళ్లనీ, సేవింగ్స్ పాస్‌బుక్కులనీ, పార్సిళ్లనీ ఆ పిల్ల ఒక్కతే చూసుకుంటుంది. వచ్చే వారం రండమ్మా అని మర్యాదగానే చెబుతుంది. ఆ అమ్మాయి చేతిలో ఏముంది? పైనుంచి రానిది తను ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది?

స్మారక స్టాంపు ఒకసారి అచ్చయ్యాక మళ్లీ అచ్చు వేయరు. రోజువారీ వాడే మామూలు స్టాంపైతే ఈ నెల కాకపోతే వచ్చే నెల కొనుక్కుంటాం. ఇది అలా కాదు. తప్పిపోతే ఆ పేజీ ఎప్పటికీ ఖాళీయే. లేదా డీలర్ దగ్గరికి వెళ్లాలి. మాకు అలాట్ కాలేదన్న స్టాంపు ఆయన దగ్గర షీట్లకి షీట్లు ఉంటుంది! ఐదు రూపాయల స్టాంపుకి ఆయన చెప్పిన ధర విని నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. అంతంత షీట్లు ఆయనకి ఎలా అందాయో, ముందే డబ్బు కట్టిన మాకు ఒక్కటి ఎందుకు అందలేదో మీరే కనుక్కుని చెప్పాలి.

ఒక స్టాంపు కోసం ఇంత గొడవా అని మీ ఆఫీసులో ఎవరైనా అనుకోవచ్చు. నేను రిటైరైన తెలుగు టీచర్ని. మద్రాసులో తెలుగువాళ్ల చరిత్ర చెప్పడానికి నా దగ్గర పాఠ్యపుస్తకం లేదు, ఈ ఆల్బమే ఉంది. మా చుట్టుపక్కల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. టంగుటూరి ప్రకాశం గారి పేరు చెబితే ముఖాలు చూసుకుంటారు. 1972లో వచ్చిన ఆయన స్టాంపు చేతిలో పెడితే మాత్రం, ఎవరు టీచర్ ఈయన అని వాళ్లే అడుగుతారు. 1928లో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా ఇదే ఊళ్లో తుపాకుల ముందు రొమ్ము చూపి నిలబడ్డాడని చెబితే, ఎక్కడ, ఏ వీధిలో అంటారు. 1982 నాటి దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్టాంపు చూపించి, మనం బస్సులో దాటి వెళ్లే ఆంధ్ర మహిళా సభని పెట్టింది ఈవిడే అన్నాను. మర్నాడు ఒక పిల్లవాడు వాళ్లమ్మని అక్కడ బస్సు దింపించి బోర్డు చదివించుకుని వచ్చాడు.

2000లో పొట్టి శ్రీరాములు గారి స్టాంపు వచ్చింది. 58 రోజులు నిరాహార దీక్ష చేసి, 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం వదిలింది ఈ ఊళ్లోనే, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. ఆ తర్వాత ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆయన పేరున అక్కడ స్మారక భవనం ఉంది. దాని ముందు నుంచే ట్యూషన్‌కి వెళ్లే పిల్లలకి, ఆ స్టాంపు చూసేదాకా అది ఎవరి జ్ఞాపకమో తెలియదు. మీ శాఖ అచ్చువేసిన ఆ చిన్న కాగితం నేను పాఠాలు చెప్పి చేయలేని పని చేసింది. అది చేతికి అందింది కాబట్టే చేసింది. ఇప్పుడు విడుదలవుతున్నవి ఎవరి చేతికి అందుతున్నాయి? ఢిల్లీలో సభ జరుగుతుంది, పెద్దలు స్టాంపు పట్టుకుని ఫొటో దిగుతారు, పేపర్లో పడుతుంది. అక్కడితో సరి.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో ఏడో తరగతి చదివే పాప స్టాంపులు సేకరించే పిల్లలకి మీ శాఖ ఇచ్చే దీన్‌దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాలనుకుంది. నెలకి 500 రూపాయలు వాళ్లింట్లో చిన్న మొత్తం కాదు. వాళ్ల బళ్లో ఫిలాటెలీ క్లబ్బు, అంటే స్టాంపులు సేకరించే పిల్లల సంఘం, లేదు. క్లబ్బు లేకపోతే సొంత డిపాజిట్ అకౌంటు ఉండాలి కాబట్టి వాళ్ల నాన్న డబ్బు కట్టి అకౌంటు తెరిచాడు. స్కాలర్‌షిప్‌కి చేయాల్సిన ప్రాజెక్టు కోసం ఆ పాప సంగీతకారుల స్టాంపులు ఎంచుకుంది, త్యాగరాజు నుంచి ఘంటసాల దాకా. పాతవి నా ఆల్బంలోంచి తీసి ఇచ్చాను. కొత్తవి అకౌంటులో వస్తాయి కదా అని ఆ పిల్ల రోజూ పోస్టుమాన్ కోసం చూసింది. టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినేది కాదని వాళ్లమ్మ చెప్పింది. రాలేదు. తొమ్మిదో తరగతి దాటితే ఆ స్కాలర్‌షిప్‌కి అర్హతే లేదు. మీ స్టాకు వచ్చేదాకా పిల్లల తరగతులు ఆగవు కదండీ. పథకం మీదే, షరతు మీదే, షరతు ప్రకారం డబ్బు తీసుకున్నదీ మీ శాఖే. అయ్యా, ఆ పాపకి నేనేం చెప్పాలి?

దీనికి తోడు పెన్ను గీతలు. అరుదుగా ఎవరైనా స్మారక స్టాంపు అంటించి ఉత్తరం రాస్తే, ముద్ర వేయాల్సిన చోట బాల్‌పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి పంపిస్తున్నారు. మా నాన్నగారు దాచిన 1948 నాటి గాంధీ స్టాంపు కవరు మీద ఊరి పేరు, తేదీ ఈరోజుకీ చదవగలం. స్వతంత్రం వచ్చిన మొదటి ఏడాది పండగకి, మహాత్ముడు పోయిన ఆ సంవత్సరంలోనే, హిందీ, ఉర్దూల్లో బాపు అని రాసి నాలుగు స్టాంపులు వేశారు. స్విట్జర్లాండ్‌లో అచ్చు వేయించారు. పది రూపాయల స్టాంపుతో పాటు అణాన్నర స్టాంపు కూడా వేశారు. అప్పుడే పుట్టిన దేశం అంత శ్రద్ధ చూపింది. ఇప్పుడు ఒక రబ్బరు ముద్ర సరిగ్గా వేయడానికి మనకి ఏం అడ్డం వచ్చింది?

బ్రోచర్ల గురించి కూడా ఒక మాట. తెలుగువాళ్ల మీద స్టాంపు వేసినప్పుడు తెలుగులో, తమిళుల మీద వేసినప్పుడు తమిళంలో ఒక పేజీ జత చేయమని వేడుకుంటున్నాను. ఆ మనిషి ఎవరో, స్టాంపు ఎందుకు వేశారో రాసి ఉండేది అందులోనే.

మంత్రి గారూ, కొత్త పథకాలు అడగడం లేదు. మా అకౌంట్లలో బకాయి పడ్డ స్టాంపులు పంపించండి. అచ్చు మిగల్లేదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వండి, డబ్బు లెక్క చూపించండి. షీట్లు మడవకుండా గట్టి అట్ట పెట్టి పంపమనండి. పెన్ను గీతలు ఆపించండి. అన్నిటికంటే ముందు, స్పర్శ్ కోసం అకౌంటు తెరిచిన పిల్లలందరికీ ఈసారి దరఖాస్తుల గడువు ముగిసేలోపు స్టాంపులు అందేలా చూడండి. మా పాప ఇప్పుడు ఏడులో ఉంది. ఇంకా రెండేళ్లే ఉన్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
చెన్నై