ముందు గడియారం చూసుకుని, తర్వాత లోయలోకి దిగుదాం

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చిన రోజు రాత్రి మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను, ఒంటిగంట దాటేదాకా లేవలేదు. జనవరిలో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయకి వెళ్దామని నువ్వే అడుగుతావని అనుకోలేదురా. ఎంత సంతోషం వేసిందో! వేసవిలో అక్కడ లోయ అడుగున ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది, పైన కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. చలికాలంలో ఆ రద్దీ ఉండదు. నార్త్ రిమ్, అంటే లోయ ఉత్తరపు అంచుకి వెళ్లే రోడ్డు మంచుకి మూసేస్తారు కాబట్టి మనకి ఉన్నది దక్షిణపు అంచు సౌత్ రిమ్ ఒక్కటే. మనకి అది చాలు.

ఒక్క విషయంలో మాత్రం నీ మాట వినను. ఒక్కరోజులో లోయ అడుగున పారే కొలరాడో నది దాకా దిగి వెనక్కి వచ్చేద్దాం అన్నావు చూడు, అది వద్దు. పార్కు వాళ్లే ఏ కాలంలోనైనా అలా చేయొద్దని బోర్డులు పెట్టి మరీ చెప్తారు. మామూలుగా కొండెక్కితే కష్టం ముందు, సుఖం తర్వాత. ఇక్కడ తిరగేసి ఉంటుంది. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు హాయిగా దిగిపోతాం, అలిసిపోయాక ఎక్కాలి. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు లెక్కేసుకోవాలి. పైగా జనవరిలో ఏడున్నర దాటాక గానీ తెల్లవారదు, సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. మూడేళ్ల క్రితం మా తమ్ముడూ నేనూ బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ అనే కాలిబాటలో దిగాం. మైలున్నర దగ్గర రెస్ట్‌హౌస్ ఉంది, బస చేసేది కాదు, నడిచేవాళ్లు కాసేపు ఆగే చిన్న కట్టడం. అది చేరేసరికి ఎండ బాగా కాస్తోంది, స్వెట్టర్లు కూడా విప్పేశాం. ఇంకో మైలున్నరేగా అని మూడు మైళ్ల రెస్ట్‌హౌస్ దాకా వెళ్లాం. అంటే పైనుంచి 2,000 అడుగులకు పైగా కిందికి. తిరిగి పైకొస్తుంటే చీకటి పడింది. చివరి ముప్పావు మైలు నేను మర్చిపోలేను. పగలు కాస్త కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి, బాట మొత్తం గాజు పరిచినట్టు మెరుస్తోంది. కుడికాలు ఆనించి ఎడమకాలు ఎత్తేలోపే కుడికాలు జారేది. ఫోన్ లైటు నోట్లో కరచుకుని, రెండు చేతులతో రాతిగోడ పట్టుకుని పక్కకి పక్కకి జరుగుతూ వచ్చాం. అవతలి వైపు లోయ. తమ్ముడి చేతులు వణుకుతుంటే చలికో భయానికో తెలియలేదు. వెనకనుంచి వస్తున్న ఒకావిడ మా అవస్థ చూసి తన చేతికర్రలు రెండూ వాడికిచ్చి, పైదాకా మాతోనే నడిచింది. ఆవిడ పేరు కూడా అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే కారణం తెలిసింది. సౌత్ రిమ్ బాటల మొదటి భాగం ఉత్తరం వైపు తిరిగిన కొండవాలు మీద ఉంటుంది. చలికాలం సూర్యుడు దక్షిణాన కిందుగా వెళ్తాడు కదా, ఆ నీడల్లోకి ఎండ రాదు. మంచు వారాల తరబడి పూర్తిగా కరగదు. దానిమీద మనుషులూ కంచరగాడిదలూ నడిచి నడిచి గట్టిపడుతుంది. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. పైన పగలు 5 డిగ్రీలుంటే నది దగ్గర 13 దాకా ఉంటుంది. కింది వెచ్చదనం చూసి పైన ఎలా ఉందో మర్చిపోతాం, మేం చేసిన పొరపాటు అదే.

కాబట్టి నా ప్లాన్ ఇది, నచ్చకపోతే చెప్పు. మొదటి రోజు దిగడం లేదు. రిమ్ 7,000 అడుగుల ఎత్తులో ఉంది, మనలాంటివాళ్లకి తొలిరోజు ఊపిరి కాస్త బరువుగానే ఉంటుంది. అంచు మీదే ఉన్న యావపాయ్ మ్యూజియం నుంచి పార్కు లోపలి ఊరి వైపు అంచు వెంబడి నడుద్దాం. అక్కడ బాటలో ఒక్కో మీటరు పదిలక్షల ఏళ్లకి లెక్క, పది మీటర్లకో కంచు బిళ్ల ఉంటుంది. లోయలో దొరికే రకరకాల రాళ్లని వాటి వయసు వచ్చిన చోట నిలబెట్టారు. మనం అడుగుపెట్టి నిలబడే పై రాయి కైబాబ్ సున్నపురాయి, దాని వయసు 27 కోట్ల ఏళ్లు. అట్టడుగు రాళ్లు 170 కోట్ల ఏళ్లు దాటినవి. ఆ రాళ్లని అరచేత్తో తాకొచ్చు, నువ్వు అక్కణ్ణుంచి త్వరగా కదలవని నాకు తెలుసు. మధ్యాహ్నం హెర్మిట్ రోడ్డు మీద కారులోనే వెళ్దాం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే సొంత కార్లని రానిస్తారు. సూర్యాస్తమయం చూడ్డానికి ఆ రోడ్డు మీదే ఉన్న హోపి పాయింట్ దగ్గర ఆగుదాం.

రెండో రోజు సౌత్ కైబాబ్ అనే ఇంకో బాట. అక్కడికి సొంత కారు ఎప్పుడూ వెళ్లనివ్వరు, పార్కు వాళ్ల షటిల్ బస్సు ఎక్కాలి. తెల్లారగానే బయల్దేరుదాం. ఈ బాట గట్టు మీదుగా పోతుంది, నాలుగువైపులా లోయ విప్పారి కనిపిస్తుంది. ‘ఊ ఆ పాయింట్’ అనే చోటు 0.9 మైలు, సీడర్ రిడ్జ్ అనే చోటు మైలున్నర. మనం సీడర్ రిడ్జ్ నుంచి వెనక్కి తిరిగేస్తాం, అంతే. ఎంత బాగున్నా సరే. ఈ బాటలో ఎక్కడా నీళ్లు దొరకవు, మోసుకెళ్లాలి. చలిలో దాహం తెలియదు, కానీ తాగుతూనే ఉండాలి. బాటిల్ తలకిందులుగా పెట్టుకో. గడ్డకట్టినా మూత దగ్గర కట్టదు.

మూడో రోజు నీ మోకాలు ఎలా ఉందో చూసుకుని బ్రైట్ ఏంజెల్‌లో మైలున్నర రెస్ట్‌హౌస్ దాకా, లేదంటే దానికి ముందే బాటలో వచ్చే రెండో సొరంగం దాకా. చలికాలంలో రెస్ట్‌హౌస్ కొళాయిలు కట్టేస్తారు. మధ్యాహ్నం పన్నెండు కొట్టిందంటే ఎక్కడున్నా వెనక్కి. ఈ ఒక్క నియమం నాకోసం ఒప్పుకో. కంచరగాడిదలు ఎదురైతే కొండ వైపుకి ఒదిగి, అవి దాటిపోయేదాకా కదలకుండా నిలబడాలి. బాటలు మరమ్మతులకి మూస్తుంటారు కూడా, అందుకే ముందురోజు పార్కు సిబ్బంది, అదే రేంజర్ల దగ్గర కనుక్కుందాం.

బట్టల సంగతి. కాటన్ టీషర్టులూ జీన్సూ వద్దు, చెమటకి తడిస్తే ఆరవు, ఆగిన మరుక్షణం వణుకు మొదలవుతుంది. పల్చటివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకో, విప్పుకుంటూ వేసుకుంటూ నడవొచ్చు. హెడ్‌ల్యాంప్ చెరొకటి, పగలే వచ్చేస్తాం అనుకున్నా సరే. ఇక మైక్రోస్పైక్స్. బూటు కింద తొడుక్కునే గొలుసులూ ముళ్లూ ఉన్న రబ్బరు పట్టీలు. పైన మంచులో తొడుక్కుని, ఎండు రాయి రాగానే విప్పి సంచిలో వేసుకుని, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ తొడుక్కోవాలి. విసుగనిపించినా విప్పితీరాలి, రాయి మీద అవే కాలికి అడ్డంపడతాయి.

వాటిని నేనే తెప్పిస్తాను. నీ ట్రెక్కింగ్ బూటు సైజు ఎంతో ఈ ఆదివారంలోగా చెప్పు, మామూలు చెప్పుల సైజు కాదు. మందపాటి సాక్సు వేసుకుని తొడిగి చూసి మరీ చెప్పు.

నీ
రఘు