పబ్ అంటే డీజే ఒక్కటే కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం యాత్రల పేజీలో ఇంగ్లండులోని లివర్‌పూల్ మీద వచ్చిన వ్యాసాన్ని కత్తిరించి దాచుకున్నాను. కిందటి వేసవిలో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లాను. అందులో పబ్బుల గురించి ఉన్న నాలుగు ముక్కలు నమ్ముకుని శనివారం రాత్రి మా ఆవిడతో, అల్లుడుగారితో మాథ్యూ స్ట్రీట్‌కి పోతే, ఒకరి మాట ఒకరికి వినపడని మోత. పది నిమిషాల్లో బయటపడ్డాం. ఆవిడకి ఆ రాత్రంతా తలనొప్పి.

మన దగ్గర పబ్ అంటే డీజే, గుమ్మంలో బౌన్సర్. అక్కడి వాళ్లకి అది పబ్లిక్ హౌస్, నలుగురూ వచ్చి కూర్చునే ఇల్లు. ఆ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్కయినా లేకపోవడం నాకు బాధ కలిగించింది.

నేను విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. రేవు ఊరు కాబట్టి లివర్‌పూల్ నాకు కొత్తగా అనిపించలేదు. హోప్ స్ట్రీట్‌లో ఫిల్‌హార్మోనిక్ డైనింగ్ రూమ్స్ అని ఒక పబ్ ఉంది. 1900 ప్రాంతంలో రాబర్ట్ కెయిన్ అనే బీరు వ్యాపారి కోసం వాల్టర్ థామస్ అనే వాస్తుశిల్పి కట్టాడు. చెక్కిన కర్ర, రాగిరేకు బొమ్మలు, రంగుల అద్దాలు, రంగురాళ్లు పొదిగిన కౌంటరు. ఓడల లోపలి అలంకరణ చేసిన పనివాళ్లే ఇక్కడా పనిచేశారని చెబుతారు. ఆ కర్రపని చూశాక నమ్మాను. మగవాళ్ల మరుగుదొడ్డిలో గులాబిరంగు రాయి చూడటానికి ఆడవాళ్లు కూడా వస్తారు! 2020లో దాన్ని గ్రేడ్ 1లో, అంటే అక్కడ కాపాడే పాత కట్టడాల్లో అన్నిటికంటే పై తరగతిలో చేర్చారు.

నాకు అంతకంటే నచ్చింది అదే ఊళ్లో రోస్కో హెడ్ అనే పబ్. చిన్న చిన్న గదులు, మెల్లగా మాటలు. కామ్రా అనే బీరు ప్రియుల సంఘం వేసే గుడ్ బీర్ గైడ్‌లో 1974 నుంచి ప్రతి సంచికలోనూ ఉన్న కొద్దిపాటి పబ్బుల్లో ఇదొకటి. మా ఆవిడ నిమ్మసోడా తీసుకుంది. ఎవరూ వింతగా చూడలేదు. పక్కన కూర్చున్న ముసలాయన జరిగి చోటిచ్చాడు.

మంచి పబ్‌ని ఎలా పోల్చుకోవాలో నాకు అక్కడే తెలిసింది. కౌంటరు మీద ఒక్కో బీరుకి ఒక్కో నిలువు పిడి ఉంటుంది, మన బోరింగు పిడిలా గుంజాలి. కింద నేలమాళిగలో పీపా ఉంటుంది. ఆ బీరులో దాన్ని పులియబెట్టే ఈస్టు ఇంకా బతికే ఉంటుంది, పీపా తెరిచాక మూడు రోజులకి మించి నిలవదు. కల్లు సంగతి తెలిసిన మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గిరాకీ ఉన్నచోటే సరుకు తాజాగా ఉంటుంది. జనం పలచగా ఉండి పది పిడులు కనిపిస్తే అనుమానించాలి. రుచికి కొంచెం అడిగితే పోస్తారు. బల్ల దగ్గరికి ఎవరూ రారు, కౌంటరుకి మనమే వెళ్లాలి.

రోస్కో హెడ్‌లో ఒక మధ్యాహ్నం కౌంటరు అమ్మాయి మా అల్లుడుగారికి ఒక గ్లాసు గుంజి, కిటికీ వెలుగులో పెట్టి చూసింది. బీరు మసకమసకగా ఉంది. వాసన చూసి పారబోసింది. మారుమాట లేకుండా ఆ పిడికున్న పేరుపలకని వెనక్కి తిప్పేసింది, ఇక ఆ బీరు ఎవరూ అడగకుండా. తర్వాత ఇంకోటి పోసింది.

పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు మన జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది. తాగినా తాగకపోయినా వాళ్లకీ ఆ గదుల్లో ఒక కుర్చీ ఉంటుంది. ఈసారి పబ్బుల గురించి రాసేటప్పుడు ఈ రెండింటి పేర్లూ వేయండి, మధ్యాహ్నం మూడింటికి వెళ్లమని రాయండి.

— విశ్రాంత పోర్టు ఉద్యోగి, జ్ఞానాపురం, విశాఖపట్నం